విజయవాడలో దొరికే హెర్బేరియం కిట్: ప్రెస్ కొనవచ్చు, కాగితం, గమ్ము మాత్రం వద్దు

బీఎస్సీ బోటనీ ప్రాక్టికల్స్ దగ్గరపడితే విజయవాడ, గుంటూరుల్లో ల్యాబ్ సామాను అమ్మే షాపుల్లో హెర్బేరియం కిట్, అంటే మొక్కలను నొక్కి ఆరబెట్టి కాగితాలకు అంటించి దాచుకునే సామాను, కనిపిస్తుంది. మొక్కలను మధ్యలో పెట్టి బిగించే ప్రెస్‌కు రెండు చెక్క ఫ్రేములు, 20 బ్లాటింగ్ పేపర్లు, 10 ముడతల అట్టలు, 25 మౌంటింగ్ షీట్లు, గమ్ము సీసా, సెల్లోటేపు, అచ్చేసిన లేబుళ్ళు, పది రెట్ల భూతద్దం, కొమ్మలు కత్తిరించే కత్తెర. ఒక్కో షాపులో లెక్క కాస్త అటూఇటూగా ఉంటుంది గానీ సరుకు దాదాపు ఇదే.

రికార్డు సబ్మిట్ చేసి మార్కులు తెచ్చుకోవడానికి ఇది సరిపోతుంది. అయితే హెర్బేరియం షీటుకు అది చాలా చిన్న పరీక్ష. సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలు సేకరించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్ళిపోయాడు. ఆయన సేకరించిన ఎండు మొక్కలను లండన్, ఎడిన్‌బరోల్లో పరిశోధకులు నేటికీ తీసి చూస్తున్నారు. మొక్క సరిగ్గా ఆరి, మంచి కాగితం మీద, పురుగు పట్టకుండా ఉంటే రెండు వందల ఏళ్ళు నిలుస్తుంది. ఈ కిట్‌ను కూడా ఆ కొలతతోనే చూడాలి.

ముందు ప్రెస్. 30 × 45 సెంటీమీటర్ల కొలత సరైనదే. బద్దీలు అడ్డంగా, నిలువుగా ఖాళీలు వదిలి కొట్టిన జాలీ ఫ్రేము అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. కొన్ని షాపుల్లో జాలీకి బదులు ప్లైవుడ్ పలకలు ఇస్తున్నారు. అవి వద్దు. ప్లైవుడ్‌లోంచి గాలి ఆడదు, లోపలి తేమ బయటికి పోదు, మూడో రోజుకే ఆకుల మీద బూజు తెల్లగా కనిపిస్తుంది. కొనేముందు ఫ్రేమును ఎదురెదురు మూలల దగ్గర పట్టుకుని మెలితిప్పి చూడండి. కదిలితే మేకులు సరిగా దిగలేదని అర్థం. బిగించడానికి నాలుగు మూలలా బోల్టులున్న రకం చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, మందపాటి కొమ్మ ఒక పక్కకు వస్తే ఒత్తిడి అంతా అటే పడుతుంది, రెండో పక్క ఆకులు ముడుచుకుపోతాయి. బకిల్ ఉన్న నూలు బెల్టులు రెండు వేసుకుంటే ఆ బాధ లేదు. మొక్కలు ఆరేకొద్దీ కట్ట పలచబడి బెల్టు వదులవుతుంది కాబట్టి రోజూ ఒక రంధ్రం బిగించాలి.

అసలు లోటు బ్లాటింగ్ పేపర్లలో ఉంది. ఒక్కో మొక్కకు కిందొకటి, పైనొకటి వేస్తే ఇరవై కాగితాలు పది మొక్కలకు సరి. మరి మార్చడానికో? తడిసినవి ఎండలో ఆరుతుండగా ప్రెస్‌లోకి పొడివి వెళ్ళాలి, అంటే కనీసం రెండు సెట్లు ఉండాలి. పది మొక్కలకు నలభై కాగితాలు లేకుండా పని మొదలుపెట్టకండి. విడిగా బ్లాటింగ్ పేపర్ కొనేటప్పుడు ఒక నీటి చుక్క వేసి చూడండి, వెంటనే పీల్చుకోవాలి. చుక్క ముత్యంలా నిలబడితే అది అట్ట ముక్కే. మొక్కను నేరుగా బ్లాటింగ్ మీద పెట్టకుండా మడిచిన వార్తాపత్రికలో పెట్టాలి. రోజూ మార్చేది బ్లాటింగ్ మాత్రమే, పత్రిక మడత అలాగే ఉంటుంది, పువ్వు కదలదు. నిగనిగలాడే మ్యాగజైన్ కాగితం తేమ పీల్చదు, వాడొద్దు.

కృష్ణ ఒడ్డు గాలిలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొదటి మార్పు 12 గంటలకే చేయాలి. ఆ తర్వాత రోజుకొకసారి చొప్పున ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. మే నెలలో పలచని ఆకులు నాలుగైదు రోజుల్లో ఆరతాయి. ఆరిందో లేదో చేత్తో కంటే చెంపకు ఆనించి చూస్తే బాగా తెలుస్తుంది: చల్లగా తగిలితే తడి ఇంకా ఉంది. ఆకులు నల్లబడేది ముఖ్యంగా ఈ దశలో జరిగే ఆలస్యం వల్లే. ఆ తొందరలో ఇస్త్రీ పెట్టె పెట్టేవాళ్ళున్నారు, దాంతో ఆకు పెళుసవుతుంది. తర్వాత ఎప్పుడైనా డీఎన్ఏ తీయాల్సి వచ్చినా ఆ షీటు పనికిరాకపోవచ్చు.

బ్లాటింగ్ కాగితాల మధ్య గాలి ఆడడానికి పెట్టే ముడతల అట్టలను కిట్‌లో పొడుగువైపు గొట్టాలు ఉండేలా కోసి ఇస్తున్నారు. పొట్టివైపు ఉండాలి. గాలి 45 సెంటీమీటర్లు పాకే బదులు 30 పాకితే తేమ త్వరగా పోతుంది. పాత అట్టపెట్టెలు తెచ్చి మీరే కోసుకోవడం మేలు.

మన కాలవల్లోని గుర్రపుడెక్కను ఈ కిట్‌తో మామూలుగా నొక్కితే పాడవుతుంది. ఉబ్బిన కాడను బ్లేడుతో నిలువునా చీల్చి, లోపలి నీళ్ళు బ్లాటింగ్‌కు అద్ది అప్పుడు పెట్టాలి. నాచు లాంటి మెత్తని నీటి మొక్కలకు ట్రేలో నీళ్ళు పోసి, మొక్కను తేల్చి, కింద నుంచి షీటు జొనిపి మెల్లగా పైకెత్తాలి. జెముడు జాతి మొక్కలు ప్రెస్‌లో కూడా బతికే ఉండి చిగుళ్ళు వేస్తాయి. వాటిని ముందు మరిగే నీళ్ళలో ముంచి తీయాలి, పువ్వులను మాత్రం నీళ్ళకు తగలనివ్వకూడదు. కిట్‌తో వచ్చే సూచనల కాగితంలో ఇవేవీ లేవు.

మౌంటింగ్ షీట్లు 28 × 42 సెంటీమీటర్లు, కొలత బాగానే ఉంది. సరుకే మామూలు చార్టు రకం. కలప గుజ్జులోని ఆమ్లం వల్ల కొన్నేళ్ళకే పసుపు తిరిగి అంచులు పెళుసవుతాయి. ఆర్ట్ సామాను షాపుల్లో ఆమ్లం లేని కాటన్ కాగితం అడిగి, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైన ఉన్నది తీసుకుని ఈ కొలతకు కోయించుకోండి. ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే. సెల్లోటేపును కిట్‌లోంచి తీసి పారేయండి. విజయవాడ ఎండలకు దాని జిగురు కరిగి పక్కకు కారుతుంది, దుమ్ము పట్టి గోధుమరంగు మరక మిగులుతుంది, టేపేమో ఊడి వస్తుంది. మొక్కకు సన్నని కాగితపు పట్టీలు వేసి మిథైల్ సెల్యులోజ్ జిగురుతో అంటించాలి, కాడ మందంగా ఉన్నచోట నూలు దారంతో కుట్టి వెనక ముడి వేయాలి. మైదా జిగురు చవకే గానీ పురుగుకు అదే విందు.

పురుగు అంటే గుంటూరులో ప్రత్యేకంగా చెప్పాలి. పొగాకును, ఎండుమిర్చిని తినే చిన్న గోధుమరంగు సిగరెట్ పెంకు పురుగు, లాసియోడెర్మా సెర్రికోర్నే, హెర్బేరియాలకూ పెద్ద శత్రువు. గుండ్రటి చిన్న కన్నాలు, కింద పొడి కనిపిస్తే అదే. మిర్చి, పొగాకు నిల్వ ఉన్న ఇంట్లో షీట్లు పెట్టకండి. నాఫ్తలిన్ ఉండలు పురుగును దూరం పెట్టవచ్చు గానీ లోపలున్న గుడ్లను చంపలేవు. ఆరిన షీట్లను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. మైనస్ 30 అయితే మూడు రోజులు చాలు. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేవరకు విప్పకూడదు, విప్పితే షీట్ల మీద నీరు పడుతుంది. పాత పుస్తకాల్లో చెప్పే మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం ఈ కిట్‌లో లేదు, అది మంచి పనే. పాదరసం విషం. దాన్ని పూసిన పాత షీట్లను ఈనాటికీ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

లేబుల్ మీద కాలేజీ పేరుకు సగం చోటు పోయింది. సేకరించిన స్థలం, తేదీ, సేకరణ సంఖ్య, ఎలాంటి నేల, చెట్టా పొదా, ఎంత ఎత్తు, పచ్చిగా ఉన్నప్పుడు పువ్వు రంగు ఇవి లేని షీటు ఎండు ఆకే. మీరే లేజర్ ప్రింటులో వేసుకుని కుడివైపు కింద మూలన అంటించండి. ఇంక్‌జెట్ ఇంకు తేమకు పాకుతుంది.

బొమ్మకు చోటు లేకపోవడం ఈ కిట్‌లో అన్నిటికంటే బాధ పెట్టే లోపం. కొండపల్లి వైపు మోదుగు ఆకు రాల్చి పూస్తుంది. పూల కాషాయం ఎర్రదనం ఎండాక గోధుమరంగుకు దిగుతుంది. పూలకు ఒకసారి, కాయకూ ఆకుకూ మరోసారి అదే చెట్టు దగ్గరికి వెళ్ళాలి, అందుకే చెట్టుకు నంబరు కట్టి రావాలి. చిత్రకారుడైతే ఈ దశలన్నీ ఒకే కాగితం మీదకు తేగలడు. రాక్స్‌బర్గ్ కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో, 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన 300 ఫలకాల్లో (పేజీ నిండా అచ్చేసిన బొమ్మల్లో), 21వది మోదుగుదే. ఆ బొమ్మలకు మూలం ఆయన పెట్టుకున్న భారతీయ చిత్రకారులు వేసిన వర్ణచిత్రాలు. చిత్రాల్లో ఒక సెట్టు హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో, ఇంకొకటి లండన్ క్యూ తోటలో ఉన్నాయి. ఆ కళాకారుల్లో చాలామంది పేర్లు మనకు దక్కలేదు. ఫలకాలను బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. వెతికేటప్పుడు పాత పేరు బ్యూటియా ఫ్రాండోసా అని కొట్టండి, ఇప్పటి పేరు బ్యూటియా మోనోస్పెర్మాతో ఆ పేజీ దొరక్కపోవచ్చు.

కాబట్టి ప్రతి సేకరణకు ఒక తెల్ల కాగితం జత చేసుకోండి. పువ్వు పచ్చిగా ఉండగానే భూతద్దం కింద చీల్చి, రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండాశయం అడ్డుకోత పెన్సిల్‌తో గీసి, పక్కన మిల్లీమీటర్ల గీటు వేసి, షీటుకున్న సంఖ్యే దానికీ ఇవ్వండి. కిట్‌లోని భూతద్దం ఈ పనికి సరిపోతుంది.

జాలీ ప్రెస్, కత్తెర, భూతద్దం విడిగా ఇమ్మని షాపులో అడిగితే ఇస్తారు. ఇవ్వకపోతే ఏ వడ్రంగికైనా 30 × 45 కొలత, రెండున్నర సెంటీమీటర్ల బద్దీ, బద్దీకీ బద్దీకీ మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ అని రాసిచ్చి, మేకులకు బదులు రివెట్లు కొట్టమని చెప్పండి.