యూనుస్ దుఆ, అయ్యూబ్ దుఆ: కష్టంలో ఏది?

ఈ రెండు దుఆలూ (ప్రార్థనలూ) ఖుర్ఆన్ 21వ సూరా (అధ్యాయం), అల్ అంబియాలోనివే. చేప కడుపులోని చీకట్లో యూనుస్ ప్రవక్త చేసింది 87వ ఆయతు (వాక్యం): "లా ఇలాహ ఇల్లా అంత సుబ్‌హానక ఇన్నీ కుంతు మినజ్జాలిమీన్." నువ్వు తప్ప దేవుడు లేడు, నువ్వు పరిశుద్ధుడివి, తప్పు చేసింది నేనే అని. "కాపాడు" అన్న మాటే లేదు! మన దగ్గర ఆయతె కరీమా అని ఇంటిల్లిపాదీ కూర్చుని లక్షా పాతిక వేలసార్లు చదివేది దీన్నే. ఆ లెక్క ఖుర్ఆన్‌లో లేదు, ఆచారంగా వచ్చింది.

జబ్బుతో బాధలు పడ్డ అయ్యూబ్ ప్రవక్త దుఆ, 83వ ఆయతులోది, చిన్నది. నాకు బాధ కలిగింది, కరుణించేవాళ్లందరిలో నువ్వే గొప్ప కరుణామయుడివి, అంతే. ఇందులో తప్పు ఒప్పుకోలు లేదు.

మన పొరపాటు వల్ల వచ్చిన చిక్కుకి మొదటిది. రోగంతో మంచం పట్టినవాళ్లకి మాత్రం నేను రెండోదే చెప్తాను. తమ తప్పేంటా అని వెతుక్కునే టెన్షన్ వాళ్లకెందుకు?