మెల్టన్ మోబ్రేలో టిఫిను మోసం, దారిలో వేటకుక్కలు

ఇంగ్లండ్‌లో లెస్టర్ నగరం దగ్గరున్న మెల్టన్ మోబ్రే ఊరికి తప్పకుండా వెళ్లండి, రాత్రి మాత్రం ఉండొద్దు. మేం ఉండి మోసపోయాం.

హోటల్లో రెండు గదులు, నలుగురికి టిఫినుతో కలిపి 184 పౌండ్లు. అత్తయ్య కోసం ముందే ఫోన్ చేసి శాకాహారం ఉంటుందా అని అడిగితే ఉంటుందన్నారు. తీరా పొద్దున ఆవిడ ముందు పెట్టింది చల్లారిన టోస్టు రెండు ముక్కలు, బేకన్ వేయించిన పెనం మీదే కాల్చిన అర టమాటా. వాసన తగలగానే ప్లేటు పక్కకు జరిపేసింది. బిల్లులో ఆ టిఫిన్లకే విడిగా 48 పౌండ్లు! బుకింగ్ మెయిల్ చూపించినా మేనేజరు వినలేదు. 'పోర్క్ పై' అనే పంది మాంసం కూరిన వంటకానికి పేరుమోసిన ఊరని తెలిసే వెళ్లాం, దానికేం బాధ లేదు. అడిగినప్పుడు లేదని చెప్పి ఉంటే పులిహోర కట్టుకెళ్లేవాళ్లం.

కార్లో ఎవరూ మాట్లాడలేదు. కిర్బీ బెల్లార్స్ దగ్గర సందు దారిలో బండి ఆపాల్సి వచ్చింది. సైకిళ్ల మీద ఇద్దరు, వాళ్ల చుట్టూ దారి నిండా కుక్కలు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు, నల్ల మచ్చలు. ఒక్కటీ మొరగలేదు. ఒకటి కంచె వైపు మళ్లితే, ముందున్నాయన వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి పిలిచాడు. అది పరుగున వచ్చి చక్రం పక్కన చేరింది. ఎన్నున్నాయని అడిగితే "పదిహేడున్నర జతలు" అన్నాడు. అంటే 35. వేటకుక్కల్ని జతల్లోనే లెక్కపెడతారట. కుక్కపిల్లల్ని కొన్నాళ్లు రైతుల ఇళ్లలో పెంచడానికిస్తారు, ఒక ఈతలో పుట్టినవాటికి తల్లిదో తండ్రిదో మొదటి అక్షరంతో పేర్లు పెడతారు. "మనం దూడల్ని పాలుకిచ్చినట్టే" అంటూ అత్తయ్య కారు దిగింది. అప్పటికి ఆవిడ కోపం పోయింది.

మెల్టన్ ఊళ్లో మ్యూజియం ఉచితం, కుక్కలతో నక్కల్ని వేటాడిన చరిత్రంతా అక్కడ చూడొచ్చు. క్వార్న్ వేటకుక్కల గుంపును 1696లో థామస్ బూత్‌బీ మొదలుపెట్టాడు. 1753లో హ్యూగో మెనెల్ చేతికొచ్చింది, అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. 1800 దాకా క్వార్న్‌డన్ హాల్ అనే తన భవనం నుంచి నడిపాడు. వాసన పట్టే ముక్కూ వేగమూ రెండూ ఉన్న కుక్కల్ని ఎంచి ఈనించడం అతని పట్టుదల. క్వార్న్, బెల్వాయిర్ (పలకడం 'బీవర్' అని), కాట్స్‌మోర్ మూడు గుంపులు వేటాడే ప్రాంతాల హద్దులూ మెల్టన్ దగ్గరే కలుస్తాయి, అందుకే ధనవంతులంతా చలికాలం ఇక్కడ దిగేవాళ్లు.

2005 ఫిబ్రవరి 18 నుంచి కుక్కలతో నక్కను వేటాడడం నేరం. ఆ తర్వాత ముందుగా పరిచిన వాసన వెంట కుక్కల్ని పరిగెత్తిస్తున్నామంటారు వేట గుంపులవాళ్లు. దాని మాటున పాత వేటే సాగుతోందని వ్యతిరేకుల ఆరోపణ. నక్కను చీల్చి చంపే ఆట ఆగడమే మంచిదని నా అభిప్రాయం. ఆ కుక్కల్ని పెంచే ఓపిక మీద మాత్రం నాకు గౌరవం కలిగింది.

కారు లేనివాళ్లు లెస్టర్‌లో బస చేసి రైల్లో వచ్చిపోండి, ఎంతో దూరం లేదు. మేం రాత్రికి అక్కడి బెల్‌గ్రేవ్ రోడ్డులో గుజరాతీ థాలీ తిన్నాం, మనిషికి 11 పౌండ్లు. అత్తయ్య కఢీ రెండుసార్లు వేయించుకుంది.