నా నడుము కంటే ముందు నేను కూర్చునే స్టూలును చూసిన క్లినిక్

తిరుపతి బైరాగిపట్టెడలో 22 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం దగ్గరపడితే రోజుకు పది, పన్నెండు గంటలు మిషను ముందే. ఈసారి ఆషాఢంలోనే నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే వెంటనే నిలబడలేను. మందుల షాపులో నడుము బెల్టు, భుజాలను వెనక్కి లాగిపెట్టే పట్టీ కలిపి 1,400 రూపాయలు పెట్టి కొన్నాను. బెల్టు విప్పగానే నొప్పి మళ్లీ మొదలయ్యేది. పట్టీ ఒరుసుకుని చంకల కింద కమిలిపోయింది.

నా దగ్గర కుట్టించుకునే టీచరు గారు చెబితే భవానీనగర్‌లోని ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్లాను. కాళ్లు మొద్దుబారుతున్నాయా, మూత్రం మీద పట్టు తప్పుతోందా అని డాక్టరమ్మ మొదటే అడిగారు. అలాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలట. నాకు లేవు. అప్పుడు, ‘మీరు కుట్టేటప్పుడు పక్కనుంచి వీడియో తీయించి తీసుకురండమ్మా’ అన్నారు.

మా అమ్మాయి తీసింది. డాక్టరమ్మ దాన్ని ఆపి ఆపి చూపించారు. స్టూలు బాగా కిందికి ఉంది, అందుకని భుజాలు చెవుల దాకా ఎగదీసి ఉన్నాను. సూది దగ్గర వెలుతురు చాలక మెడ ముందుకు చాచాను. కుడికాలు పెడల్ మీద, ఎడమకాలు స్టూలు కాలికి మెలివేసి, ఒళ్లు బరువంతా ఒకే పక్కన. ఇన్నేళ్లలో ఇది ఒక్కసారీ నా దృష్టికి రాలేదు.

కొర్లగుంట వడ్రంగి చేత స్టూలు కాళ్లకు రెండంగుళాల చెక్క వేయించాను. ఎడమకాలికి చిన్న పీట, సూది పక్కన ఒక దీపం. అన్నిటికీ కలిపి 600 లోపే అయింది.

‘ఇక నిటారుగా కూర్చుంటే చాలు కదా’ అన్నాను. చాలదన్నారు. నిటారుగానైనా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నడుము అలసిపోతుందట. బల్ల మీది వెన్నెముక బొమ్మలో నడుము దగ్గరి ఐదు పూసలు, వాటి మధ్య డిస్కులు చూపించారు. పెద్దవాళ్ల డిస్కుల లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు, పోషకాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా ఊరుతూ అందాలి, అందుకే ఒళ్లు కదులుతూ ఉండాలి అన్నారు. గడియారం చూసుకోవడం నాకు కుదరదంటే పనికే ముడిపెట్టారు: ఒక చేయి అతికించగానే లేవాలి, ఇస్త్రీ నిలబడే చేయాలి, హుక్కులు, కాజాలు వీపు ఆనే కుర్చీలో కూర్చుని కుట్టాలి. నా పని తెలుసుకుని చెప్పిన ఈ మాటే నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఆరుసార్లు వెళ్లాను, ప్రతిసారీ 400 రూపాయలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తే వ్యాయామం ఇంట్లో ఇప్పటికీ చేస్తున్నాను. నాలుగో వారానికి కుట్టు ముగించి చేయి ఆనించకుండా లేచాను.

ఒక్కటే లోపం, అది చిన్నదేమీ కాదు. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నడుము నొప్పితో వచ్చేవాళ్లు ఆ నిటారు మెట్లు ఎక్కడం కష్టం, కింది అంతస్తులో ఒక గది చూసుకోవాలని వాళ్లకూ చెప్పాను. సాయంత్రం ఆరు దాటితే గంటకు పైగా కూర్చోవాల్సి వస్తుంది. ఉదయం వెళ్లండి, మీరు పని చేసే వీడియో ముందే తీసుకుని వెళ్లండి. ఆదివారం సెలవు.