గల్ఫ్‌లో మంచం పట్టినవాళ్లను ఇంటికి చేర్చే సంక్షేమ నిధి: ఎంతవరకు ఆదుకుంటుంది?

పక్షవాతం వచ్చో, కిడ్నీలు పాడయ్యో గల్ఫ్ ఆస్పత్రుల్లో పడివున్న మనవాళ్లకు ఉన్న పెద్ద ఆసరా ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్. కేంద్ర ప్రభుత్వం 2009లో పెట్టింది. పాస్‌పోర్ట్, వీసా పనులప్పుడు ఎంబసీలు తీసుకునే చిన్న రుసుముతో నడుస్తుంది. అంటే అందులో మన కార్మికులు కట్టిన డబ్బూ ఉంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అత్యవసర వైద్యానికీ, విమాన టికెట్‌కూ ఇస్తారు. కాకపోతే స్తోమత చూసే ఇస్తారు, ముందు కంపెనీనే అడగమంటారు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఖర్చు పెట్టనంటే ఆ మాట కాగితం మీదో, కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి. నోటిమాటతో వెళ్తే ఫైలు కదలదు.

ఇంటివాళ్లు ఇక్కడినుంచే విదేశాంగ శాఖవారి 'మదద్' పోర్టల్‌లో అర్జీ పెట్టొచ్చు. పాస్‌పోర్ట్, అకామా (అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు) కాపీలు, ఇంగ్లీషులో ఆస్పత్రి రిపోర్టు, పేషెంట్ ఉన్న వార్డు వివరం జతచేయాలి.

డబ్బు దొరికినా ఎగ్జిట్ (దేశం విడిచే అనుమతి) దగ్గర చిక్కుపడేవాళ్లు చాలామంది. సౌదీలో హురూబ్ (పారిపోయాడని కఫీల్ పెట్టే ఫిర్యాదు) పడినా, బ్యాంకు లోన్ కేసున్నా, ఖల్లివెల్లిగా (సరైన కాగితాలు లేకుండా) ఉన్నా ముందు అది తేలాలి. చాలామంది టికెట్ కొన్నాక చూసుకుంటారు. ఈలోపు ప్రయాణించొచ్చని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ పాతబడి, పని మళ్లీ మొదటికొస్తుంది.

కూర్చోలేని రోగికి స్ట్రెచర్ టికెట్ కావాలి. ఎకానమీలో సీట్ల వీపులు ముందుకు మడిచి, వాటిమీద స్ట్రెచర్ బిగించి, చుట్టూ తెర కడతారు. ఆరు నుంచి తొమ్మిది సీట్లు దీనికే పోతాయి, ఛార్జీ కూడా ఆ లెక్కనే. తోడొచ్చే నర్సుకు రానూపోనూ టికెట్ వేరు. చవక విమానాలు చాలావరకు స్ట్రెచర్ ఎక్కించుకోవు. విమాన సంస్థ రోగి పరిస్థితి అడిగే మెడిఫ్ ఫారంలో డాక్టరు 'ప్రయాణానికి ఫిట్' అని ఒక్క ముక్క రాస్తే వెనక్కొస్తుంది. ఆక్సిజన్ పెట్టకుండా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత, నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ కావాలి, గొంతులో ట్యూబు ఉందా అన్నవి స్పష్టంగా ఉండాలి. విమానంలో గాలి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది, కింద 92 ఉన్న సాచురేషన్ పైకెళ్లాక పడిపోతుంది. సొంత సిలిండర్ సాధారణంగా ఎక్కనివ్వరు, విమాన సంస్థకే ముందు చెప్పి పెట్టించుకోవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైనది) మీద వెళ్లినవాళ్లు ప్రవాసీ భారతీయ బీమా కాగితం కూడా వెతకండి. అనారోగ్యంతో ఉద్యోగం పోతే టికెట్ ఖర్చు అందులో వస్తుంది. అది మామూలు ఎకానమీ ఛార్జీయే, స్ట్రెచర్‌కు చాలదు. పాలసీ రెండు మూడేళ్లదే, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకున్నవాళ్లు అరుదు.

నిధికి ఐదుకు మూడున్నర ఇస్తాం. నిజంగా ప్రాణాలు నిలబెడుతుంది, కానీ ఏ కాగితం ముందు, ఏది తర్వాత అన్నది చెప్పేవాళ్లుండరు. శంషాబాద్‌లో దిగాక అంబులెన్స్, ఆస్పత్రిలో బెడ్ మనమే ముందు మాట్లాడుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, కానీ దానికి రేషన్ కార్డు చూస్తారు. ఏళ్ల తరబడి ఊళ్లో లేనివాళ్ల పేరు రేషన్ కార్డులోంచి పోయి ఉండొచ్చు, విమానం ఎక్కకముందే మీసేవలో చూసుకోండి.