మిథనాల్ నుంచి హైడ్రోజన్: రాగి–జింక్ ఆక్సైడ్–అల్యూమినా గుళికల సమీక్ష

మిథనాల్‌ను నీటి ఆవిరితో చర్య జరిపించి హైడ్రోజన్ తీసే చిన్న రియాక్టర్ కోసం, జింక్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్)ల ఆధారంపై రాగి ఉన్న ఉత్ప్రేరకాన్ని కొన్నాము. పని విషయంలో ఇది మెచ్చుకోదగిన సరుకు. దానితో పంపిన సూచనల పత్రం మాత్రం చాలా అసంపూర్ణంగా ఉంది.

డబ్బాలోని నల్లని గుళికల అడుగున పొడి చేరి ఉంది. దానిని జల్లించకుండా నింపితే వాయువు దారి మూసుకుపోయి రియాక్టర్‌లో పీడన నష్టం పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది క్షయకరణం. గుళికల్లో ఉన్నది కాపర్ ఆక్సైడ్ కాబట్టి, వాడకానికి ముందు దానిని హైడ్రోజన్‌తో రాగిగా మార్చాలి. ఈ చర్యలో వేడి బాగా వెలువడుతుంది గనుక, నైట్రోజన్‌లో పలుచగా కలిపిన హైడ్రోజన్‌ను పంపుతూ ఉష్ణోగ్రతను నెమ్మదిగా పెంచడం తప్పనిసరి. ఇంత కీలకమైన విషయాన్ని పత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ కరగదు; అయినా ఆధారంపై పరచుకున్న దాని సూక్ష్మ కణాలు సుమారు 300 డిగ్రీలు దాటితే చాలు, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, చర్యకు అందే ఉపరితలాన్ని పోగొట్టుకుంటాయి. వాటిని విడివిడిగా నిలిపి ఉంచేది ఆధారమే. అందుకే రాగి శాతం ఒక్కటే చూసి ఉత్ప్రేరకాన్ని ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం. 250 డిగ్రీల దరిదాపుల్లో, మిథనాల్ కంటే నీరు కొంచెం ఎక్కువగా ఉండేలా చూసుకుంటే ఈ గుళికలు నిలకడగా పనిచేశాయి. ఒక్కో మిథనాల్ అణువు, ఒక నీటి అణువుతో కలిసి మూడు హైడ్రోజన్ అణువులను, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును ఇవ్వడం ఇక్కడి ప్రధాన చర్య.

కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. హైడ్రోజన్‌తో విద్యుత్తును తయారుచేసే, తక్కువ ఉష్ణోగ్రతలో నడిచే పొర రకం ఫ్యూయల్ సెల్ పది లక్షల భాగాల్లో సుమారు 10 భాగాలకు మించి దీనిని భరించలేదు కాబట్టి, శుద్ధి యంత్రం లేకుండా నేరుగా కలపకూడదు.

వేడిని ఎక్కువగా తట్టుకునేది కావాలంటే జింక్ ఆక్సైడ్‌పై పల్లేడియం మేలు. సిలికాపై ఉంచితే మిథనాల్‌ను ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లుగా విడగొట్టే ఆ లోహమే, జింక్‌తో మిశ్రలోహంగా మారినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వైపు మొగ్గుతుంది. ఆధారం మారితే చర్య దారే మారిపోతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు తెలియదు. అయితే దాని ధర రాగి కంటే చాలా ఎక్కువ.

గంధకం, క్లోరిన్ లేని మిథనాల్ వాడగలిగి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచగలిగిన వారు ఈ గుళికలను నిశ్చింతగా కొనవచ్చు. తరచూ ఆపి మళ్ళీ నడిపేవారు మాత్రం, ఆవిరి నీరుగా మారి గుళికలను తడపకముందే నైట్రోజన్‌తో రియాక్టర్‌ను శుభ్రం చేసుకోవాలి. క్షయకరణం చెందిన రాగి గాలి తగిలితే వేడెక్కిపోతుంది కనుక హఠాత్తుగా తెరవకూడదు. మళ్ళీ ఇదే సరుకు కొంటాను గానీ, క్షయకరణ ఉష్ణోగ్రతల క్రమాన్ని ముందుగా లిఖితపూర్వకంగా తీసుకున్న తరువాతే కొంటాను.