ఎడిన్‌బరా నుంచి ఒక్కరోజు: స్టిర్లింగ్ వైపా, లాక్ నెస్ వైపా?

స్కాట్లాండ్‌లో కోటనీ కొండల్నీ ఒకే రోజు చూడాలంటే దారులు రెండు.

స్టిర్లింగ్, డూన్ కోటలు, కాలండర్ (Callander) అనే ఊరు, లాక్ కాట్రిన్ సరస్సు: రానుపోను 200 కి.మీ. అటూఇటూ. స్టిర్లింగ్‌కి రైల్లో గంటలోపే. కోటకి తీరిగ్గా రెండున్నర గంటలు ఉంచుకోండి. స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ కట్టించిన సభామండపానికి వేసిన లేత పసుపు సున్నం పూత దూరానికే కనిపిస్తుంది; ఐదో జేమ్స్ మహల్లో రాజుగారి గది కప్పుకి గుండ్రటి చెక్కపలకల మీద చెక్కిన తలల్ని తలెత్తి చూడాల్సిందే.

గ్లెన్‌కో లోయ, లాక్ నెస్ సరస్సు, దాని ఒడ్డున అర్కర్ట్ కోట అయితే 500 కి.మీ. దాటుతుంది. బస్సు టూర్‌కి 12 గంటలు, అందులో సగానికి పైగా సీట్లోనే. పైగా చాలా టూర్లు అర్కర్ట్‌ని బయటినుంచే చూపిస్తాయి, బుక్ చేసేముందు అడగండి. లోపల మిగిలిందీ శిథిలాలే: 1692లో కాపలా దండు వెళ్లిపోతూ కోటని పేల్చేసింది. కానీ గ్లెన్‌కో లోయలో ‘త్రీ సిస్టర్స్’ కొండలు రోడ్డు మీదికి వంగినట్టుంటాయి. ఆ దృశ్యం స్టిర్లింగ్ వైపు దొరకదు.

డిసెంబరులో మూడున్నరకల్లా పొద్దు వాలుతుంది, అప్పుడు లాక్ నెస్ దండగ. వేసవిలో గాలి ఆగితే మిడ్జ్ అనే కుట్టే సన్న పురుగులు పీక్కుతింటాయి. సొంతంగా నడిపేవాళ్లకి ఎడమవైపు ట్రాఫిక్ మనకి అలవాటే, మన లైసెన్సు 12 నెలలు చెల్లుతుంది. పిల్లలుంటే స్టిర్లింగే.