‘బ్రిస్కో కౌంటీ జూనియర్’ డీవీడీ సెట్ కొంటున్నారా? జాగ్రత్త, ముందు ఇది చదవండి

పాత టీవీ సీరియళ్ల డీవీడీలు కొనే అలవాటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్రిస్కో కౌంటీ జూనియర్’ కోసం వెతుకుతున్నవాళ్ల కోసం. ఆన్‌లైన్‌లో ఒరిజినల్ బాక్స్ ఫోటో పెట్టి, ‘కంప్లీట్ సిరీస్, బ్రాండ్ న్యూ, సీల్డ్’ అని రాసి, ఇంట్లో కాపీ కొట్టిన డిస్కులు అంటగడుతున్నారు. నేను 64 డాలర్లు పెట్టి మోసపోయాను. డబ్బు చివరికి వెనక్కి వచ్చింది. కానీ అందుకు ఏడు వారాలు పట్టింది, ఆలోపు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఆ నష్టమేంటో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1993 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ వచ్చాను. గుంటూరు, వరంగల్, రాజమండ్రి, నెల్లూరు, ఇలా నాలుగు ఊళ్ల నుంచి వచ్చిన నలుగురం రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్నాం. గరాజ్ సేల్‌లో 20 డాలర్లకు దొరికిన టీవీ ఒకటి ఉండేది. కేబుల్ పెట్టించుకునే స్తోమత లేదు. రెండు కొమ్ముల యాంటెన్నాయే దిక్కు. ఫాక్స్ ఛానల్ సరిగ్గా రావాలంటే ఒక కొమ్ముకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని నిలబడాలి. ఎక్కువసార్లు ఆ పని మా గుంటూరు మిత్రుడిదే. ఒక చేత్తో యాంటెన్నా, ఇంకో చేతిలో పప్పన్నం కంచం. అన్నం కలుపుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, మేమే ముద్దలు కలిపి పెట్టేవాళ్లం.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి టెక్సస్‌లో ‘బ్రిస్కో’ వచ్చేది. దాని వెనకే ఎనిమిదింటికి ‘ది ఎక్స్ ఫైల్స్’. ఆ ఏడాది కొత్తగా మొదలైన ఈ రెండింటిలో ఫాక్స్ వాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకున్నది బ్రిస్కో మీదే. చివరికి రెండోది ఏళ్ల తరబడి నడిచింది, మాది ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 1993 ఆగస్టు 27న మొదలై, 1994 మే 20న ముగిసింది. మొత్తం 27 ఎపిసోడ్లు. అంతే.

చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. కథ జరిగేది 1893లో. బ్రిస్కో హార్వర్డ్‌లో చదివిన లాయరు. మార్షల్‌గా, అంటే ప్రభుత్వ పోలీసు అధికారిగా పనిచేసిన తండ్రిని జాన్ బ్లై ముఠా చంపేస్తుంది. లా పుస్తకాలు పక్కన పెట్టి, ఆ ముఠాను ఒక్కొక్కరినీ పట్టుకోవడానికి బౌంటీ హంటర్‌గా, అంటే బహుమతి డబ్బుకు నేరస్థుల్ని పట్టిచ్చేవాడిగా గుర్రమెక్కుతాడు. బ్రిస్కోగా బ్రూస్ కాంప్‌బెల్ వేశాడు. ముందు పోటీదారుగా వచ్చి, తర్వాత ప్రాణమిచ్చే స్నేహితుడయ్యే లార్డ్ బౌలర్‌గా జూలియస్ కారీ. జేబులో డబ్బు లెక్కలు, నోట్లో జాగ్రత్తలు తప్ప వేరేది తెలియని సోక్రటీస్ పూల్ అనే లాయరు. రైలు పట్టాల మీద రాకెట్ నడిపించే ప్రొఫెసర్ విక్‌వైర్‌గా జాన్ ఆస్టిన్. ఇక కామెట్ అనే గుర్రం సంగతి చెప్పక్కర్లేదు. తాను గుర్రమన్న విషయమే తెలియనట్టు మనిషిలా ప్రవర్తిస్తుంది. మా వరంగల్ మిత్రుడు కామెట్ కనిపించగానే ఈల వేసేవాడు.

ఇది మామూలు వెస్టర్న్, అంటే కౌబాయ్ కథ కాదు. గనిలో పనిచేసే చైనా కూలీలు తవ్వుతుంటే ఒక వింత గోళం బయటపడుతుంది. దాని చుట్టూ సైన్స్ ఫిక్షన్ కథ అల్లుకుంటుంది. రాబోయే శతాబ్దం మీద బ్రిస్కోకి చెప్పలేనంత ఆశ. ముందు ముందు ఏదో గొప్పది రాబోతోందని ఎప్పుడూ కళ్లు విప్పార్చుకుని చూస్తుంటాడు. ఆ వయసులో, ఆ దేశంలో, బ్యాంకులో 300 డాలర్లతో మేము చూసిన చూపు కూడా అదే. అందుకే అంతగా నచ్చిందనుకుంటాను. మన తెలుగువాళ్లకు గుర్రం, టోపీ, తుపాకీ కొత్తేం కాదు కదా. 1971లో కృష్ణగారు కౌబాయ్ వేషం కట్టినప్పుడు మా నాన్న నెల్లూరులో మూడుసార్లు చూశారట. నాకు ఆ పిచ్చి ఆయన నుంచే వచ్చింది.

రాండీ ఎడెల్‌మన్ కట్టిన టైటిల్ మ్యూజిక్ మీలో చాలామంది వినే ఉంటారు. అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీ వాళ్లు ఒలింపిక్స్ ప్రసారాల్లో ఆ బాణీనే వాడుకున్నారు. ఇప్పటికీ అది ఎక్కడ వినబడినా నాకు ఒలింపిక్స్ కాదు, ఫాయిల్ చుట్టిన యాంటెన్నా గుర్తొస్తుంది.

అయితే ఆఖరి ఎపిసోడ్ మేము చూడలేదు. ‘హై ట్రీజన్’ అని రెండు భాగాలు. బ్రిస్కోనీ బౌలర్‌నీ దేశద్రోహం కేసులో విచారణకు నిలబెడతారు. మొదటి భాగం నలుగురం కలిసి చూశాం. రెండో భాగం వచ్చే శుక్రవారానికి సెమిస్టర్ అయిపోయి, సమ్మర్ ఉద్యోగాల కోసం తలో ఊరికి వెళ్లిపోయాం. టీవీని ఎవరికో ఇచ్చేశాం. ఏం జరిగిందో తర్వాత ఎక్కడో చదివి తెలుసుకోవడం వేరు, కలిసి చూడడం వేరు. ముప్ఫై ఏళ్లుగా ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు “బావా, ఆ రెండో పార్టు బాకీ ఉందిరా” అంటూనే ఉన్నారు.

పోయిన నవంబరులో నలుగురం మా ఇంట్లో కలుద్దామనుకున్నాం. గుంటూరు మిత్రుడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు, వాడు రావడమే పెద్ద విషయం. థాంక్స్‌గివింగ్ వారాంతం, శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఆ బాకీ తీర్చేద్దామని మూడు వారాల ముందే సెట్ ఆర్డర్ చేశాను.

పార్సిల్ వచ్చింది. పైన ప్లాస్టిక్ చుట్టు బిగుతుగానే ఉంది. చూడగానే కొంచెం తేడా కొట్టింది, అట్ట మీద అక్షరాల అంచులు మసకగా ఉన్నాయి. పాత స్టాకేమోలే అనుకున్నాను. సర్‌ప్రైజ్‌గా ఉంటుందని అందరూ వచ్చేదాకా తెరవలేదు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. దయచేసి మీరు చెయ్యకండి. వచ్చిన రోజే తెరవండి, తెరుస్తూ వీడియో తియ్యండి.

ఆ శుక్రవారం డిస్కు పెట్టాం. టైటిల్ మ్యూజిక్ వచ్చింది, వరంగల్‌వాడు ఈల వేశాడు, అంతా బాగానే ఉంది. పది నిమిషాలయ్యాక చూస్తే తెర మూలన ఒక కేబుల్ ఛానల్ లోగో! ఎవరో ఎప్పుడో పునఃప్రసారాన్ని రికార్డు చేసి, దాన్నే డిస్కులోకి ఎక్కించారు. యాడ్స్ కోసిన చోట మాట మధ్యలో తెగిపోతోంది. గుర్రం పరిగెత్తితే బొమ్మ చదరాలు చదరాలుగా విడిపోతోంది. సరే, బాకీ ఎపిసోడ్‌కే పోదామని ఆఖరి డిస్కు పెట్టాం. ‘హై ట్రీజన్’ మొదటి భాగం ఉంది. రెండోది లేదు. మెనూ అంతా వెతికాం, ప్లేయర్ మార్చి చూశాం, లేదు. “కంప్లీట్ సిరీస్” అని రాసిన డబ్బాలో 26 ఎపిసోడ్లే ఉన్నాయి, లేనిది మాకు కావాల్సిందే.

గుంటూరువాడు ఏమీ అనలేదు. నా చేతిలోంచి డిస్కు తీసుకుని ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూశాడు. అడుగుభాగం ఊదారంగులో మెరుస్తోంది. పైన అంటించిన కాగితం స్టిక్కర్ ఒక అంచున లేచింది. దాన్ని గోరుతో కాస్త లాగితే కింద స్కెచ్ పెన్నుతో ‘5’ అని రాసి ఉంది. వాడికి ఆదివారం ఫ్లైట్.

ఇక అసలు విషయానికి వస్తాను. నకిలీని గుర్తుపట్టడం ఎలాగో ఆ తర్వాత నేర్చుకున్నాను. ముందే తెలిసుంటే ఆర్డర్ చేసే ముందే ఆగిపోయేవాణ్ని.

ఈ సిరీస్ ఒరిజినల్ సెట్‌ను వార్నర్ వాళ్లు 2006 జూలైలో విడుదల చేశారు. అందులో 8 డిస్కులు. నాకు వచ్చినవి 5. అక్కడే పట్టుకోవచ్చు. లెక్క వేసి చూడండి: ఒక్కో ఎపిసోడ్ ముప్పావుగంట, మొదటిది దానికి రెట్టింపు. అన్నీ కలిపితే 20 గంటలు దాటుతుంది. ఇంట్లో కంప్యూటర్‌తో రాసుకునే (బర్న్ చేసుకునే) మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ, అంటే మంచి క్వాలిటీలో దాదాపు రెండు గంటల వీడియో. దాంట్లో నాలుగు గంటలు కుక్కితే బొమ్మ చదరాలుగా కాక ఇంకెలా వస్తుంది? అమ్మే పేజీలో డిస్కుల సంఖ్య రాయకపోతే అడగండి. సూటిగా చెప్పకుండా “అన్ని ఎపిసోడ్లూ ఉన్నాయి సార్” అని దాటేస్తే వదిలేయండి.

ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కు అడుగున వెండిరంగు లేదా లేత బంగారురంగు ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న ఇరుకు రింగులో సన్నటి అక్షరాలు, డిస్కు ఏ ఫ్యాక్టరీలో అచ్చయిందో చెప్పే ఐఎఫ్‌పీఐ అనే కోడ్ కనిపిస్తాయి. ఊదారంగు ఉందంటే అది రాసిన డిస్కు. ఇక్కడొక మాట చెప్పాలి, ఊదారంగు ఉన్నవన్నీ దొంగవే అనుకోకండి. 2009లో వార్నర్ ఆర్కైవ్ పేరుతో పాత సినిమాలు, సీరియళ్లు ఆర్డరు వచ్చాక రాసి పంపే పద్ధతి ఒకటి మొదలైంది. అవి ఊదారంగులో ఉన్నా అసలువే. కానీ బ్రిస్కో సెట్ అంతకుముందే మామూలుగా అచ్చయి షాపుల్లోకి వచ్చింది. కాబట్టి ఈ సిరీస్ విషయంలో ఊదారంగు కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకొకటి, ‘రీజియన్ ఫ్రీ, ప్రపంచంలో ఎక్కడైనా ఆడుతుంది’ అని రాసి ఉంటే చాలామంది అది మంచి లక్షణమనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, హైదరాబాద్ పంపొచ్చు కదా అని సంతోషపడ్డాను కూడా. రీజియన్ అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో కంపెనీ వేసే తాళం. అమెరికాలో స్టూడియో అమ్మిన ఒరిజినల్ రీజియన్ 1. ఇండియా రీజియన్ 5. అమెరికా సెట్‌ను రీజియన్ ఫ్రీ అని అమ్ముతున్నారంటే ఎవరో తాళం తీసి కాపీ కొట్టారన్నమాట. ఇండియాలో ఉన్నవాళ్లు, బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ కొన్నా, మీ ప్లేయర్ మల్టీ రీజియన్‌ది కాకపోతే ఆడదు.

అమ్మినవాడి పేరు నేనిక్కడ రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్లీ వస్తారు, పద్ధతి మాత్రం అదే. శుక్రవారం రాత్రే మెసేజ్ పెడితే, సీల్ తీశాక రిటర్న్ ఉండదన్నాడు. ఫోటోలు పంపితే, పది డాలర్లు వెనక్కి ఇస్తాను, మంచి రేటింగ్ పెట్టమన్నాడు. ఒప్పుకోలేదు. తర్వాత జవాబే లేదు. రెండు వారాలకు అమ్మకం పేజీయే మాయమైంది. అదృష్టం కొద్దీ ఆర్డర్ చేసిన రోజే ఆ పేజీ స్క్రీన్‌షాట్ మిత్రులకు వాట్సాప్‌లో పంపి ఉన్నాను. నా కేసు నిలబడింది దాని వల్లే. క్రెడిట్ కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టి ఆ స్క్రీన్‌షాట్, డిస్కుల అడుగుభాగం ఫోటోలు, స్టిక్కర్ కింద ఉన్న స్కెచ్ పెన్ను అంకె, అమ్మినవాడితో జరిగిన మెసేజ్‌లు అన్నీ ఇచ్చాను. జనవరి మధ్యలో డబ్బు తిరిగి వచ్చింది. డెబిట్ కార్డుతోనో, నేరుగా డబ్బు బదిలీ చేసో కొనుంటే వచ్చేదని నేననుకోను. ఇలాంటివి కొనేటప్పుడు క్రెడిట్ కార్డే వాడండి. ‘బయట పే చెయ్యండి, ఐదు డాలర్లు తగ్గిస్తా’ అంటే అస్సలు ఒప్పుకోకండి.

జూలియస్ కారీ 2008లో చనిపోయాడు. ఆయన నవ్వు, ఆ బౌలర్ పొగరు, బ్రిస్కో పక్కన నిలబడే తీరు మిగిలింది ఈ 27 ఎపిసోడ్లలోనే. దాన్ని ముక్కలు చేసి, మసక చేసి, ఆఖరి ముక్క కోసేసి అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. తక్కువ కాలం ఆడిన సీరియళ్లనే వీళ్లు ఎందుకు పట్టుకుంటారో ఇప్పుడర్థమైంది. షాపుల్లో సులువుగా దొరకవు, అభిమానం ఉన్నవాళ్లు ధర చూడరు, కనబడగానే కొనేస్తారు.

ఫిబ్రవరిలో మా ఊళ్లో ఒక పాత పుస్తకాల షాపులో ఒరిజినల్ సెట్ దొరికింది, వాడినది, 28 డాలర్లు. కౌంటర్ దగ్గరే తెరిచి ఎనిమిది డిస్కులూ లెక్కపెట్టాను, ఒక్కొక్కటీ తిప్పి రింగులో కోడ్ చూసుకున్నాను. షాపులో అమ్మాయి ఓపిగ్గా నిలబడింది. ఇంటికొచ్చాక మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూశాను. అందులో బ్రూస్ కాంప్‌బెల్, ఈ సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన కార్ల్టన్ క్యూజ్ కలిసి చెప్పిన కామెంటరీ కూడా ఉంది, నకిలీలో అది లేదు.

ఎనిమిదో డిస్కు ఇంకా పెట్టలేదు. గుంటూరువాడు జూన్‌లో కూతురి గ్రాడ్యుయేషన్‌కి వస్తున్నాడు. శుక్రవారం దిగేలా టికెట్ తీసుకోమని చెప్పాను, తీసుకున్నాడు.